బొటనవేలి దగ్గర మొదలు

తిరిగొచ్చి పన్నెండు రోజులైంది. కామారెడ్డి ఎలా ఉందని అడిగినవాళ్లకి బెల్లం గురించీ మక్కగారెల గురించీ చెబుతున్నాను. ఎల్లారెడ్డి ఎలా ఉందంటే మాత్రం నోరు పెగలడం లేదు. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడితే కాస్త దారికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాను. రోగి తలకి ఇరవై పైచిలుకు తీగలు అంటించి, మెదడులో పుట్టే కరెంటును గీతలుగా తీసి డాక్టరమ్మ గారి బల్ల మీద పెట్టడం నా ఉద్యోగం. మూర్ఛ వచ్చేవాళ్లే మా దగ్గరికి ఎక్కువ. కొత్త రోగి వచ్చినప్పుడు వివరాలు రాసుకునేది కూడా నేనే. నా చేతిరాత బాగుంటుందని ఆ పని మొదటి నెలలోనే నాకు అంటగట్టారు, నేనూ మురిసిపోయి తీసుకున్నాను.

ఈ ప్రయాణం నర్సవ్వ కోసం. ఆమె ఎల్లారెడ్డి పక్క పల్లెలో బీడీలు చుట్టుకుంటుంది. నలభై దాటి ఉంటాయి. ఎనిమిదేళ్లుగా మా దగ్గర మందులు వాడుతోంది. ఎన్ని మార్చినా వారానికి రెండు మూడుసార్లు నిలుచున్న మనిషి నిలుచున్నట్టే కూలిపోతుంది. మెదడు రెండు సగాలనూ కలుపుతూ మధ్యలో తెల్లటి తీగల వంతెన ఒకటి ఉంటుంది. దాన్ని చాలామేర కోసేస్తే కనీసం ఈ పడిపోవడం తగ్గుతుందని డాక్టరమ్మ గారు తేల్చారు. కోశాక మళ్లీ అతికేది కాదు. మూడు వారాల్లో ఆపరేషన్. అందుకే చివరిసారి గీతలు తీసి, ఇంట్లోవాళ్లకి విషయం చెప్పి, అంగీకారపత్రం మీద సంతకం తీసుకురమ్మని నన్ను పంపారు. ఎలాగూ వెళుతున్నాను కదా అని కామారెడ్డిలో ఒకరోజు, ఎల్లారెడ్డిలో ఒకరోజు శిబిరం కూడా పెట్టారు.

కామారెడ్డిలో ఇగురం

కాచిగూడలో పొద్దున్నే రైలెక్కి టిఫిను వేళకి కామారెడ్డిలో దిగాను. బజారులోకి రాగానే బెల్లం వాసన. బెల్లమంటే అనకాపల్లిదే అనే అతిశయం మా ఇంట్లో తరతరాలుగా ఉంది. దుకాణాయన చేతిలో పెట్టిన పలుకు నోట్లో వేసుకున్నాక అతిశయం కాస్త కరిగింది. మా అమ్మకి చెప్పకూడదనుకుని రెండు కిలోల ముద్ద కొన్నాను.

బస్టాండు దగ్గర ఒకావిడ మక్కగారెలు వేస్తోంది. పచ్చి మక్కజొన్న గింజలు పచ్చిమిర్చితో కచ్చాపచ్చాగా రుబ్బి, నూనెలో వేసి తీస్తారు. ప్లేటు ముప్పై రూపాయలు. మా వైపు మినపగారె తప్ప ఇంకోదాన్ని గారె అంటే ఊరుకోరు. నేను ఆత్రంగా చెయ్యి పెట్టబోతే ఆవిడ ఆపింది.

"ఇగురంగ తిను బిడ్డా, నోరు కాలుతది."

"ఇగురు కూడా ఉందా? రొయ్యలదా?" అన్నాను.

ఆవిడ మొగుణ్ని పిలిచి, నా చేత ఆ మాట మళ్లీ అనిపించింది. ఇద్దరూ నవ్వారు. ఇగురమంటే ఇక్కడ నేర్పు, నెమ్మది, తెలివి అట. రొయ్యలకీ దానికీ చుట్టరికం లేదు. నేనూ నవ్వి, పర్సులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నాను. అందులో తొక్కు అంటే పచ్చడి, చెద్దరు అంటే దుప్పటి, ఎర్క అంటే తెలియడం, ఆనిగెపుకాయ అంటే సొరకాయ, ఇలాంటివి చాలా ఉన్నాయి. ఎవరేమన్నా నాకు అర్థమవుతుందనే ధీమా అప్పటికి గట్టిగానే ఉంది.

శిబిరం ఒక బడి గదిలో పెట్టారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే తమ చిట్కాలు చెప్పారు. మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. అది మా కోనసీమలోనూ ఉంది. ఇక్కడ ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టడం అదనం. ఒక ముసలాయన తన మనవరాలి పాదానికి వాత పెట్టించానని చెప్పాడు. ఆ పిల్ల కాలు వెనక్కి లాక్కుంది. వాత పెట్టొద్దని, నోట్లో ఏమీ కుక్కొద్దని, పక్కకి తిప్పి పడుకోబెట్టమని చెప్పిందే చెప్పాను. చేతులకి కట్టిన దారాల సంగతి వేరే చెప్పాలి. స్కానింగుకి పంపేముందు దారాలూ తాయెత్తులూ కత్తిరించడం మా రివాజు. ఈ తొమ్మిదేళ్లలో నేను కత్తిరించినవన్నీ కలిపి నేస్తే ఒక చీర అవుతుంది.

బస్సులో బాపు

మర్నాడు పొద్దున ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఒళ్లో గీతల మిషను పెట్టె. పక్కన తెల్ల ధోవతి కట్టిన రైతు, డెబ్బై ఏళ్లుంటాయి. లింగంపేట దాకా పెట్టె వంక చూస్తూ ఊరుకున్నాడు. ఆ తర్వాత ఉండబట్టలేకపోయాడు.

"ఏం డబ్బ బిడ్డా గది? కుట్టు మిషినా?"

మనిషి తలలో కరెంటు చూసే మిషనన్నాను.

"తలకాయల కరెంటుంటదా?"

"ఉంటుంది బాపూ. మెదడుకి పైన బూడిదరంగు పొర. ఆలోచన, కదలిక అన్నీ అక్కడే పుడతాయి. దాని అడుగున తెల్లటి తీగల కట్టలుంటాయి. ఒకచోటి కబురు ఇంకోచోటికి మోసేది అవే. మూర్ఛ అంటే కరెంటు అదుపు తప్పడం. అది కూడా ఆ తీగల మీదే పాకుతుంది. మంచి కబురా, చెడ్డ కబురా అని వాటికి తెలియదు, వచ్చినదాన్ని మోసుకుపోతాయి."

"మా బాయిలకాడ గిట్లనే అయితది. ఒక్కకాడ వైరు కాలితే లైను మీదున్న మోటర్లన్ని పోతయ్. మరి మీరేం జేస్తరు?"

ఒక్కోసారి తీగల వంతెన కోస్తామని చెప్పాను. నేను వెళుతున్నది అలాంటి మనిషి దగ్గరికేనని కూడా చెప్పాను.

"యాడ కాలిందో సూడకుంట తీగ కోసుడేంది?"

"ఇది అన్నిచోట్లా ఒకేసారి అంటుకునే రకం బాపూ. ఫలానా చోటని లేదు."

"షురువు లేని మంట ఉంటదా?" అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

నేను లోలోపల నవ్వుకున్నాను. మెదడంటే బావి దగ్గర మోటరనుకుంటున్నాడు పాపం, అనుకున్నాను. బయట అడవి, వానలకి పచ్చగా కడుక్కున్నట్టుంది. రోడ్డు పక్కన ఆడవాళ్లు బుట్టల్లో సీతాఫలాలు పెట్టుక్కూర్చున్నారు. బస్సు ఆగినచోట బాపు దిగి, కిటికీలోంచి రెండు పండ్లు నా ఒళ్లో పడేసి వెళ్లిపోయాడు.

ఎల్లారెడ్డి, కదలొద్దన్న మాట

ఎల్లారెడ్డి శిబిరానికి నర్సవ్వ అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. అత్త పేరు లచ్చవ్వ. చిన్న మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఎనిమిదేళ్ల కాగితాలు. నర్సవ్వ పొడగరి. ముందు పన్ను ఒకటి విరిగింది. కుడి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ. పొయ్యి దగ్గర పడిందట. ఎడమ మణికట్టుకి సన్నటి దారం, రెండు చుట్లు.

భర్త మస్కట్‌లో మేస్త్రీ పని చేస్తాడు. ఆపరేషన్ అంటే ఆయన ఫోనులో సరేనన్నాడని లచ్చవ్వ చెప్పింది. చెబుతూ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నర్సవ్వని బెంచీ మీద పడుకోబెట్టి తీగలు అంటించాను. గీతలు మొదలయ్యాక ఆమె తల కొద్దిగా ఎత్తింది.

"మేడం, నా చెయ్యి జర..."

"కదలొద్దు. మాట్లాడొద్దు. గీతలు చెడిపోతాయి."

ఆమె నోరు మూసుకుంది. అరగంటకి ఎప్పటి గీతలే వచ్చాయి. ఉండుండి ఒక్కసారిగా ఎడమ పక్కా కుడి పక్కా కలిసి ఎగిసిపడ్డ గీతలు. ఎనిమిదేళ్లుగా అంతే. నేను యంత్రం కట్టేశాను. ఆమె ఏం చెప్పబోయిందో అడగాలని తోచలేదు. మా పనిలో ఒక పద్ధతి ఉంది. మూర్ఛ వచ్చిన మనిషికి ఆ సమయంలో తెలివి ఉండదు కాబట్టి ఏం జరిగిందో పక్కనున్నవాళ్లనే అడుగుతాం. రోగిని అడిగేది పేరు, వయసు, ఊరు.

సంతకం మాటెత్తితే లచ్చవ్వ చెయ్యి పట్టుకుంది. "రేపు ఐతారం. ఇంటికి రా బిడ్డా. ఇంట్ల దేవునికి దండం పెట్టుకోని జేస్తది సంతకం. ఒక రొట్టె తినిపో."

ఐతారం పొద్దున

మర్నాడు ఆదివారం తొమ్మిదింటికల్లా వాళ్ల వాకిట్లో ఉన్నాను. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచ. పంచలో తునికాకు వాసన, తంబాకు ఘాటు. నాకు వరసగా అయిదు తుమ్ములు వచ్చాయి. లచ్చవ్వ జొన్నరొట్టె, పుంటికూర తొక్కు పెట్టింది. పుంటికూరంటే మన గోంగూరే. మేం నూనెలో ముంచి తీస్తాం, వీళ్లు ఎండుమిర్చి, వెల్లుల్లి దంచి కలిపేస్తారు. కళ్లలో నీళ్లు తిరిగినా రెండో రొట్టెకి కాదనలేదు.

నర్సవ్వ గోడకి ఆనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, కొస మడిచి దారం కట్టడం. నేను ఒక ముద్ద మింగేలోగా ఒక బీడీ అయిపోతోంది. చూడకుండానే చుడుతోంది. ఆపరేషన్ తర్వాత చేతులు ఇలాగే పనిచేస్తాయా అని అడిగింది. కొన్నాళ్లు ఒక చెయ్యి మాట ఇంకో చెయ్యి వినకపోవచ్చని డాక్టరమ్మ గారు చెప్పమన్నది చెప్పాను.

"రెండు చేతులు ఒకదాని మాట ఒకటి ఇనకుంటే బీడీ ఎట్ల అయితది మేడం?"

అంతలో ఆమె చేతులు ఆగాయి. తన ఎడమ బొటనవేలి వంక చూసుకుంటోంది.

వేలు కదులుతోంది. చేతిలో ఆకు లేదు, అయినా బీడీ చుడుతున్నట్టే అదొక్కటీ ఆడుతోంది.

"అత్తా, వచ్చింది," అంది. చాలా మామూలుగా అంది, పాలవాడు వచ్చాడని చెప్పినట్టు.

లచ్చవ్వ లేచి, కోడలి ఒళ్లోంచి కత్తెర తీసి అవతల పడేసింది, చాట పక్కకి జరిపింది. నర్సవ్వ బీడీ దారం ఉండ అందుకుని, ఎడమ మణికట్టు పైన రెండు చుట్లు చుట్టి, ఒక కొస పళ్లతో పట్టి, కుడిచేత్తో ఇంకో కొస గట్టిగా లాగింది. పాము కరిస్తే విషం పైకి ఎక్కకుండా కట్టు కట్టరూ, అలాగ. ఈలోగా వేలి ఆట మణికట్టుకి వచ్చింది. చెయ్యి కిందికీ పైకీ ఊగుతోంది. లచ్చవ్వ మోచేతి కింద ఇంకో కట్టు కట్టింది.

"ఒక్కోపారి గిక్కడ్నే ఆగుతది బిడ్డా," అంది నాతో.

ఆ పూట ఆగలేదు. మోచెయ్యి మడతపడింది. భుజం ఎగిరింది. ఎడమ పెదవి కొస చెవి వైపు లాగేసింది. అప్పటిదాకా నర్సవ్వ నన్నే చూస్తోంది, తెలివిలోనే ఉంది. చూడు, చూడు అన్నట్టున్నాయి ఆ కళ్లు. తర్వాత మెడ ఎడమకి తిరిగింది, కళ్లు ఖాళీ అయ్యాయి, కుడిచెయ్యి కూడా కొట్టుకోవడం మొదలైంది. అలవాటు చొప్పున నా చూపు చేతి గడియారం మీదుంది. బొటనవేలి నుంచి కుడిచేతి దాకా పధ్నాలుగు సెకన్లు.

ఆమెని పక్కకి ఒత్తిగిల్లజేసి తల కింద నా చున్నీ పెట్టాను. లచ్చవ్వ తాళంచెవులు తెస్తే వద్దన్నాను. నా చేతులు చెయ్యాల్సిన పని చేస్తున్నాయి గానీ నా మొహం ఎలా ఉందో, "బిడ్డా, నువ్వేంది గట్లయినవ్?" అని లచ్చవ్వ నన్నే అడిగింది.

నేనెందుకు అలా అయ్యానో కాస్త వివరంగా చెప్పాలి. ఎడమచేతిని ఆడించేది మెదడు కుడి సగంలో ఒక చోటు. బొటనవేలు, మణికట్టు, మోచెయ్యి, మూతి, వీటి తావులు అక్కడ పక్కపక్కనే ఉంటాయి, వాడలో ఇళ్లలాగ. నా కళ్లెదుట మంట ఆ వాడలో ఒక్కో ఇల్లే అంటుకుంటూ పోయింది. ఆ తర్వాత తెల్ల వంతెన మీదుగా ఎడమ సగంలోకి దూకింది. అంటే ఇది అన్నిచోట్లా ఒకేసారి పుట్టేది కాదు. దీనికి ఒక మొదలుంది, ఆ మొదలు బొటనవేలంత చోటు. మరి నా గీతల్లో రెండు పక్కలా ఒకేసారి ఎందుకు లేచింది? మూర్ఛ పాకడానికి సెకన్లు పట్టినా, అది రానప్పుడు గీతల్లో ఉండుండి లేచే విసురుకి తీగల మీద వంతెన దాటడానికి రెప్పపాటు కూడా పట్టదు. పైనుంచి కంటితో చదివే మాకు రెండూ కలిసే కనిపిస్తాయి. ఇది నేను శిక్షణలో చదువుకున్న పాఠమే. మొదలు ఒకచోట ఉందని ఎవరైనా చెబితే అప్పుడు దానికోసం వెతుకుతాం. ఈమె విషయంలో ఎవరూ చెప్పలేదు.

ఒక్క అక్షరం

నర్సవ్వకి తెలివొచ్చి, మంచినీళ్లు తాగి, గోడకి ఆనుకుని కూర్చునేసరికి అరగంట పట్టింది. ఎప్పుడూ ఇలాగే బొటనవేలి దగ్గరే మొదలవుతుందా అని అడిగాను.

"ఎప్పటికి గంతే. మొదటి సంది గంతే."

"ఆ దారం?"

"పైకి ఎక్కకుంట కట్టుకుంట. పదిట్ల మూడుసార్లన్న ఆగుతది. కొన్నిసార్లు కట్టుకునే యాళ్ల గూడ ఇయ్యదు, నిలబడ్డకాడ్నే పడిపోత. స్కానింగుకాడ మీరే కోసేస్తిరి గదా మేడం, మొక్కు దారమని."

కోసింది నేనే అయ్యుంటాను. చర్మం మీద గట్టి ఒత్తిడి ఒక్కోసారి మెదడులో అదే చోటికి చేరి, మొదలైనదాన్ని అణచగలదని డాక్టరమ్మ గారు తర్వాత చెప్పారు. ఆ పూట నాకు అదీ తెలియదు.

"ఇంత స్పష్టంగా చెయ్యి దగ్గర మొదలవుతుంటే, ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు అవ్వా?" అన్నాను. గొంతులో కొంచెం కోపం కూడా ఉంది. చెప్పకపోవడం వాళ్ల తప్పే అన్నట్టు.

లచ్చవ్వ బిత్తరపోయింది. "చెప్పకేం బిడ్డా? మొదటి దినమే చెప్పిన. దీనికి సోయి లేకుండె, నేనే చెప్పిన. పుర్రకెల్లి షురూ అయితది, ఆడికెల్లి ఒళ్లంత పాకుతది అని."

"పుర్రె నుంచి అన్నారా?"

"పుర్రకెల్లి." ఆమె తన ఎడమచెయ్యి ఎత్తి చూపింది. "పుర్ర. కుడి, పుర్ర."

పుర్రచెయ్యి అంటే ఎడమచెయ్యి. పుర్రచేతివాటం అన్నమాట మా వైపూ నేను వినకపోలేదు. కానీ ఆసుపత్రిలో, తల రోగం దగ్గర, ఒట్టి 'పుర్ర' అని వింటే నా చెవికి అది పుర్రె తప్ప ఇంకోటి కాదు. సంచి ఇవ్వమన్నాను. ఎనిమిదేళ్ల కాగితాల అడుగున మొదటి రోజు కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగింది. అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు.

'ఆరంభం: పుర్రె (తల). ఆ వెంటనే ఒళ్లంతా.'

చేతిరాత నాది. ఆ 'ర్ర' మీద ఎత్వం ఎంత పొందిగ్గా ఇమిడించానో.

లచ్చవ్వ నా మొహంలోకి వంగి చూసింది. "నువ్వేనా ఆ పిల్లవు? గప్పుడు సన్నగుంటివి. పుర్ర అనగూడదు అవ్వా, పుర్రె అనాలె అని నాకు సదువు జెప్పినవు."

నాకు జ్ఞాపకం రాలేదు. కానీ ఆ రోజుల్లో నేనలా అనే ఉంటాను. పల్లెటూరివాళ్ల మాటలు దిద్దడం నాకు ముచ్చటగా ఉండేది.

"గప్పటి సంది దవాఖానల ఎవరడిగినా పుర్రె అనే చెప్తున్న," అంది లచ్చవ్వ. "మీ భాషల ఎడమకు గట్లంటరు గావచ్చు అనుకున్న. పెద్ద సార్లు అడిగితే ఇంక మంచిగ పలికిన, పుర్రె, పుర్రె అని. సరిగ్గనే అన్నగదా బిడ్డా?"

ఆ ముసలామె నాకు మర్యాద ఇవ్వబోయి ఎనిమిదేళ్లు నా తప్పునే జాగ్రత్తగా మోసుకొచ్చింది. ప్రతి డాక్టరూ తల అనే విన్నాడు. నా గీతలు చూసి ఔననుకున్నాడు. స్కానింగు తీసినవాళ్లు ఫలానా చోట చూడమని ఎవరూ చెప్పక, ఏమీ లేదని రాసిచ్చారు. ఇక మూడు వారాల్లో వంతెన కోసేవాళ్లు.

అంతా చెప్పేశాను. తప్పు నాదని, కాగితం మీద చేతిరాత నాదని, ఈ సంతకం ఇప్పుడు వద్దని. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా నాకు హక్కులేదనిపించి చున్నీ కొస నోట్లో కుక్కుకున్నాను. ఆ పంచలోనే నిలబడి డాక్టరమ్మ గారికి ఫోన్ చేశాను. ఆమె అంతా విని, "ఆపరేషన్ ఆపేస్తున్నాను. ఆమెని తీసుకురా. పాత ఫిల్ములు కూడా తెమ్మను," అన్నారు.

లచ్చవ్వ నుదురు కొట్టుకుంది. "నా నోటికి పురుగులు పడ," అని తనని తానే తిట్టుకుంది. నర్సవ్వ అత్త చెయ్యి పట్టి ఆపింది. నా వైపు చూడకుండా కింద చెదిరిన బీడీలు ఒక్కోటి ఏరి చాటలో వేసింది.

"ఊర్ల అందరు నా తలకాయ ఖరాబన్నరు," అంది చివరికి. "బీడీల కాడ పక్కన కూసోనియ్యరు. మా ఆయిన ఫోన్ల నేను చెప్పేది ఇనడు, అమ్మకియ్యి అంటడు. నేను చెయ్యి అంటే, తలకాయ మంచిగ లేనిదానికి చెయ్యి ఏదో కాలు ఏదో ఏం ఎర్క అని నవ్విండ్రు. కొన్ని దినాలకు నాకు గూడ అనుమానమొచ్చింది మేడం. నిజంగనే నాకు ఎర్కలేదేమో అని."

నేను అంగీకారపత్రం మడిచి సంచిలో పెట్టుకోబోయాను. ఆమె చెయ్యి చాపింది. ఆ కాగితం ఇమ్మంది, ఇచ్చాను. వెనక తెల్లగా ఉన్న వైపు తిప్పి నా చేతికే మళ్లీ ఇచ్చింది.

"పుర్ర చెయ్యి అని రాయి. పెద్దగ రాయి. రాసినంక మా ఆయినకు ఫోన్ల సదివి ఇనిపియ్యి."

రాశాను. చదివాను. అవతల మస్కట్‌లో ఆయన "నర్సవ్వకియ్యుండ్రి," అన్నాడు. ఆమె ఫోన్ చెవికి పెట్టుకుని వింది.

ఫోన్ పెట్టేశాక నన్ను అడిగింది. కోపంగా అడగలేదు. పిండి ఎంత కలపాలి అన్నట్టు అడిగింది.

"నాది దొరికింది మేడం. గా దినాలల్ల నువ్వు నాసొంటోళ్లయి ఇంకెన్ని రాసినవ్?"

తిరిగొచ్చాక

సోమవారం నర్సవ్వా లచ్చవ్వా నాతోపాటే హైదరాబాదు వచ్చారు. డాక్టరమ్మ గారు కొత్త స్కానింగు కంటే ముందు పాత ఫిల్ము దీపం మీద పెట్టారు. కుడివైపు, చేతి తావు దగ్గర పెన్సిలుతో చూపించారు. మినపగింజంత మచ్చ. ఎనిమిదేళ్ల కిందటి ఫిల్ములోనే ఉంది. అక్కడ చూడమని చెప్పినవాళ్లుంటే ఆ రోజే దొరికేది. నర్సవ్వ ఫిల్ము దగ్గరికి వెళ్లి ఆ మచ్చ మీద వేలు పెట్టి, "గింతనా?" అంది.

ఆ మచ్చ తీయొచ్చో లేదో ఇంకా తేలలేదు. చేతిని ఆడించే చోటుకి మరీ దగ్గరగా ఉంది. కొత్త పరీక్షలు జరుగుతున్నాయి, మందు మార్చారు. వంతెన కోయడం మాత్రం లేదు. నా తప్పు నేనే రాసి పై అధికారికి ఇచ్చాను. ఏం చేస్తారో వాళ్లిష్టం.

పన్నెండు రోజులుగా డ్యూటీ అయ్యాక పాత కాగితాల గదిలో కూర్చుంటున్నాను. మొదటి ఏడాదిలో నేను రాసినవన్నీ తీసి చదువుతున్నాను. నిన్న రెండో బీరువా కింది అరలో ఇంకోటి దొరికింది. రామారెడ్డి మండలం. 'ఆరంభం: పుర్రె.' అదీ నా చేతిరాతే. ఆ తర్వాత వాళ్లు మళ్లీ వచ్చినట్టు లేదు. కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే వాడుకలో లేదంది. రోగి ఆడపిల్ల. అప్పటికి ఆరేళ్లు.